గేమ్ మధ్యలో రంగు గళ్లు: సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు నిజంగానే పాడైందా?

ప్రశ్న: రెండు నెలల క్రితం ఆర్‌ఎక్స్ 580 ఎనిమిది జీబీ కార్డు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో 6,500 రూపాయలకు కొన్నాను. మొదట్లో బాగానే పనిచేసింది. ఇప్పుడు పెద్ద గేమ్ ఏది మొదలుపెట్టినా పావుగంట, ఇరవై నిమిషాలకు తెర మీద ఆకుపచ్చ, గులాబీ రంగు గళ్లు కనిపిస్తున్నాయి. కాసేపటికి గేమ్ ఆగిపోయి డెస్క్‌టాప్ వస్తోంది. కొన్నిసార్లు గళ్లేమీ లేకుండానే తెర ఒక్కసారిగా నల్లబడి కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ అవుతోంది. ఆన్ చేసేటప్పుడు గానీ, సినిమాలు చూసేటప్పుడు గానీ ఏ ఇబ్బందీ లేదు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) క్యాబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్లది. దానికి ఎనిమిది పిన్నుల వైరు లేకపోవడంతో కన్వర్టర్ కొని తగిలించాను. అమ్మినతను తప్పంతా ఎస్‌ఎంపీఎస్‌దే అంటున్నాడు. మా మెకానిక్ మాత్రం చిప్ లూజయిందని, హీట్ గన్‌తో వేడి చేస్తే సరిపోతుందని, 1,500 రూపాయలు అవుతుందని చెబుతున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు లోపాల లక్షణాలు ఉన్నాయి. గళ్లు కనిపించి గేమ్ ఆగిపోవడం ఒకటి, ముందస్తు గుర్తు ఏదీ లేకుండా కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ కావడం మరొకటి. మొదటిదానికి సాధారణంగా కార్డు మీది మెమరీ కారణమవుతుంది, రెండోదానికి విద్యుత్ సరఫరా. ఈ రెండింటినీ కలిపి ఒకే జబ్బుగా చూస్తున్నంత కాలం అమ్మినతని మాటా నిజమే అనిపిస్తుంది, మెకానిక్ మాటా నిజమే అనిపిస్తుంది. కాబట్టి ఎవరికీ డబ్బు ఇవ్వకముందే వీటిని విడదీయండి. అందుకు కావలసినవన్నీ ఉచితంగా దొరుకుతాయి, ఓపిక ఒక్కటి మీరు తెచ్చుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఏం కనిపించింది అన్నదానికంటే ఎప్పుడు కనిపించింది అన్నది ఎక్కువ చెబుతుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే కంపెనీ లోగో దగ్గరే, అంటే విండోస్ ఇంకా మొదలు కాకముందే, గీతలో గళ్లో కనిపిస్తే డ్రైవర్‌ను, అంటే విండోస్‌లో కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అనుమానించనక్కరలేదు; అప్పటికి డ్రైవరే లేదు కాబట్టి లోపం కార్డులోనో కేబుల్‌లోనో ఉన్నట్టు. లోగో బాగుండి, విండోస్ మామూలు డిస్‌ప్లే డ్రైవర్‌తో నడుస్తూ, కార్డు అసలు డ్రైవర్ వేయగానే తెర నల్లబడితే డ్రైవర్‌ను, కార్డు బయోస్‌ను (కార్డులోనే దాచి ఉండి దాన్ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను), కార్డు మధ్యలోని ప్రధాన చిప్‌ను ఆ వరుసలో అనుమానించాలి. మీ కార్డు ఈ రెండు దశలూ దాటుతోంది. బరువు పడి, వేడెక్కిన తరువాతే తడబడుతోంది. డెస్క్‌టాప్ మీద ఈ కార్డు మెమరీ 300 మెగాహెర్ట్జ్ దగ్గర నింపాదిగా ఉంటుంది, ఉన్న ఎనిమిది జీబీలో కొంచెమే వాడకంలో ఉంటుంది. గేమ్ మొదలైతే అదే మెమరీ 2000 మెగాహెర్ట్జ్‌కు చేరి, నిండుతూ, వేడెక్కుతూ పోతుంది. సినిమా చూసేటప్పుడు ఏమీ కాకపోవడానికి కారణం ఇదే తప్ప కార్డు ఆరోగ్యంగా ఉందని కాదు.

దగ్గర్లో మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న డెస్క్‌టాప్ ఎవరి ఇంట్లోనైనా ఉంటే మిగతా పరీక్షల కంటే ముందు మీ కార్డును అక్కడ ఒక గంట నడిపించి చూడండి. అక్కడ కూడా గళ్లు వస్తే మీ ఎస్‌ఎంపీఎస్ మీద వేసిన ఆ నింద సగం తొలగిపోయినట్టే. అక్కడ గంటసేపు ఏ తేడా లేకుండా నడిస్తే అమ్మినతని మాటకు బలం వచ్చినట్టు. అలాంటి వీలు లేకపోతే కింది పద్ధతిలో వెళ్లండి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. డ్రైవర్, కేబుల్, చిప్ వేడిని లాగే పేస్ట్ అన్నీ ఒకే సాయంత్రం మారిస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు.

ముందు విద్యుత్తు సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో ప్రమాదం కూడా ఉంది. ఆర్‌ఎక్స్ 580 కార్డుకు దాని చిప్ తయారీదారు ఏఎండీ చెప్పిన వాడకం 185 వాట్లు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్ల వరకు, ఎనిమిది పిన్నుల వైరు నుంచి 150 వాట్ల వరకు తీసుకునే ఏర్పాటు ఉంటుంది. 150 వాట్లంటే 12 వోల్టుల దగ్గర పన్నెండున్నర ఆంపియర్ల కరెంటు. మీ కన్వర్టర్ హార్డ్ డిస్క్‌కు పెట్టే సాటా వైరు నుంచి వస్తున్నదైతే ఈ రోజే తీసివేయండి. ఒక సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టుల లైను తట్టుకోగలిగేది నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు మాత్రమే. అలాంటి కన్వర్టర్ల ప్లాస్టిక్ కరిగి అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ వైర్లు రెండింటి నుంచి వస్తున్నదైతే ప్రమాదం కొంత తక్కువే గానీ, నమ్మదగినదని మాత్రం చెప్పలేను. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, ఆ కనెక్టర్లను విప్పి చూడండి. పిన్ను చుట్టూ గోధుమ రంగు మరక, గట్టిపడిన ప్లాస్టిక్, కాలిన వాసన వీటిలో ఏది కనిపించినా మీ రీస్టార్ట్‌లకు ఒక కారణం దొరికినట్టే.

ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన కాగితం మీద 450 అన్న అంకె పెద్దదిగా ఉంటుంది, అసలు సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి, దాన్ని పన్నెండుతో హెచ్చించండి. ఉదాహరణకు 18 ఆంపియర్లు అని ఉంటే 216 వాట్లు. కార్డు ఒక్కటే 185 వాట్లు అడుగుతుంటే, ప్రాసెసర్ మరో 65 అడిగితే, పెట్టె మీద 450 అని రాసి ఉన్నా చాలదు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ పరిస్థితి మామూలే. కంప్యూటర్‌ను యూపీఎస్‌కు పెట్టి ఉంటే పరీక్ష జరిగినంతసేపు దాన్ని తప్పించి నేరుగా గోడ ప్లగ్‌కు, ఎర్తింగ్ సరిగా ఉన్నదానికి, పెట్టండి. ఇళ్లలో ఎక్కువగా వాడే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది దాదాపు 360 వాట్లు. బ్యాటరీ పాతబడిందంటే కరెంటు పోయిన క్షణంలో గేమ్ నడుస్తున్న కంప్యూటర్‌ను అది మోయలేదు. ఆ రీస్టార్ట్ నింద కూడా చివరికి కార్డు మీదే పడుతుంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనకుండానే ఒక పరీక్ష చేయవచ్చు. ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో ట్యూనింగ్ విభాగానికి వెళ్లి పవర్ లిమిట్‌ను తగ్గించగలిగినంత తగ్గించి, గేమ్‌ను సెకనుకు 30 ఫ్రేములకు పరిమితం చేయండి. దీనితో చిప్ తీసుకునే కరెంటు బాగా తగ్గుతుంది, మెమరీ వేగం మాత్రం మారదు. ఇలా చేసిన తరువాత రీస్టార్ట్‌లు ఆగిపోయి గళ్లు మాత్రం వస్తూనే ఉంటే, మీ దగ్గర నిజంగానే రెండు లోపాలు ఉన్నాయని అర్థం. ఇప్పుడు పవర్ లిమిట్‌ను మళ్లీ మామూలుగా పెట్టి, మెమరీ వేగాన్ని 2000 నుంచి 1750కి దించి చూడండి. గళ్లు మాయమైతే మెమరీయో, దాన్ని నడిపే బయోస్‌లోని అంకెలో అనుమానితులు. ఈ రెండు పరీక్షలకు ఒక సాయంత్రం చాలు.

విండోస్ కూడా తన వంతు సాక్ష్యం రాసి పెడుతుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ చిట్టాలో ఆ సమయానికి ఏముందో చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్ రెండు సెకన్ల పాటు స్పందించకపోతే విండోస్ దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడుతుంది; అప్పుడు 4101 నంబరుతో, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి తిరిగి కోలుకుందని నమోదవుతుంది. మీ గేమ్ ఆగి డెస్క్‌టాప్ వచ్చిన సందర్భాల్లో ఇది ఉండే అవకాశం ఎక్కువ. ఇక 4101 ఏదీ లేకుండా కెర్నల్ పవర్ 41 ఒక్కటే ఉంటే, విండోస్‌కు ఏం జరిగిందో తెలిసేలోపే కరెంటు పోయినట్టు లేదా యంత్రం రీసెట్ అయినట్టు. దీన్ని బట్టి ఎస్‌ఎంపీఎస్‌దే తప్పని తీర్పు చెప్పలేము, ఎందుకంటే కార్డులోని విద్యుత్ భాగాల్లో లోపం ఉన్నా ఎస్‌ఎంపీఎస్ రక్షణ కోసం ఆగిపోతుంది. విచారణ ఎటు సాగాలో మాత్రం తెలుస్తుంది.

ఇక గళ్ల సంగతి. అవి తెర మీద ఉన్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మను ఫోన్‌లోకి పంపి అక్కడ చూడండి. అదే మానిటర్ మీద చూస్తే పరీక్ష చెల్లదు. ఫోన్‌లో కూడా గళ్లు ఉంటే కార్డు తయారు చేసిన బొమ్మలోనే తప్పు ఉన్నట్టు. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే కేబుల్, మానిటర్, కార్డు వెనుక పోర్టు వీటిలో ఒకటి కారణం. హెచ్‌డీఎంఐ కేబుల్ లోపం సాధారణంగా చెదురుమదురు చుక్కలుగా, లేదా ఒకటి రెండు సెకన్లు తెర ఆరి వెలగడంగా కనిపిస్తుంది. ఒకే దూరంలో వరుసగా, చదరంగం బల్ల మాదిరి పేర్చినట్టు వచ్చే గళ్లు మెమరీ లక్షణం. మీ కార్డు మీద ఒక్కొక్కటి ఒక జీబీ చొప్పున ఎనిమిది మెమరీ చిప్పులు ఉంటాయి, గేమ్ సమాచారం ఆ ఎనిమిదింటిలోనూ ముక్కలుగా పంచి ఉంటుంది. అందువల్ల ఒక్క చిప్ తప్పు చేసినా దాని వంతుకు వచ్చిన ముక్కలన్నీ తెర పొడవునా క్రమం తప్పకుండా చెడిపోయి కనిపిస్తాయి.

మెమరీ చిప్ పాడైందని ఇక్కడే నిర్ణయించుకోకండి. మీ కార్డు వయసును, దాని తరాన్ని బట్టి చూస్తే అది ఒకప్పుడు ఎథీరియం అనే డిజిటల్ డబ్బు సంపాదించే లెక్కల్లో, అంటే మైనింగ్‌లో, పనిచేసి ఉండే అవకాశం గట్టిగా ఉంది. ఆ లెక్కల వేగం చిప్ కంటే మెమరీ మీద ఎక్కువ ఆధారపడేది కాబట్టి మైనింగ్ చేసేవారు కార్డు బయోస్‌ను మార్చేవారు. తక్కువ వేగానికి కంపెనీ నిర్ణయించిన బిగువైన టైమింగ్‌లను (మెమరీ ఒక్కో పనికి ఎంతసేపు ఆగాలో చెప్పే అంకెలను) తెచ్చి ఎక్కువ వేగానికి అతికించేవారు. మైనింగ్‌లో అప్పుడప్పుడు ఒక లెక్క తప్పితే ఆ ఒక్క లెక్క చెల్లకుండా పోతుంది, అంతే. అదే తప్పు గేమ్‌లో జరిగితే ఆకుపచ్చ గడి అయి కూర్చుంటుంది. అంటే మీ గళ్లకు కారణం చెడిపోయిన చిప్ కాకుండా ఎవరో మార్చిన అంకెలు కావచ్చు, అదే అయితే మందు ఉచితం.

జీపీయూ-జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో ముందుగా ఇప్పుడున్న బయోస్‌ను ఫైలుగా దాచుకోండి. అందులోనే షేడర్ల, అంటే బొమ్మ లెక్కలు చేసే చిన్న భాగాల, సంఖ్య చూడండి. అసలైన ఆర్‌ఎక్స్ 580లో 2304 ఉంటాయి. 2048 అని ఉంటే, అది 2018లో చైనా మార్కెట్ కోసం తెచ్చిన రకం కావచ్చు, లేదా 570 కార్డుకు 580 బయోస్ ఎక్కించి ఉండవచ్చు. రెండోదైతే మీ గళ్లకు అదే కారణం కావడానికి వీలుంది. మెమరీ ఏ కంపెనీదో కూడా రాసుకోండి. తరువాత డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసివేసి, ఇంటర్‌నెట్ ఆపి, ఏఎండీ డ్రైవర్‌ను కొత్తగా వేయండి. ఏఎండీ డ్రైవర్ మార్చిన బయోస్‌ను గుర్తించి ఒప్పుకోదు; ఆ అడ్డు తొలగించే ప్యాచ్ ఒకటి మైనింగ్ చేసేవారి దగ్గర ఉండేది. కాబట్టి శుభ్రంగా వేసిన కొత్త డ్రైవర్‌తో డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 (లోపం వల్ల విండోస్ కార్డును ఆపేసిందన్న సందేశం) కనిపిస్తే బయోస్ మార్చారనడానికి అది బలమైన సూచన.

కొన్ని మోడళ్లలో కార్డు పై అంచున చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, దానితో రెండో బయోస్‌కు మారవచ్చు. కంప్యూటర్ పూర్తిగా ఆపి దాన్ని అటు జరిపి చూడండి. చాలామంది ఒక బయోస్‌ను మార్చి రెండోదాన్ని కంపెనీ ఇచ్చినట్టే వదిలేశారు. స్విచ్ లేకపోతే టెక్‌పవర్‌అప్ వెబ్‌సైట్‌లోని సేకరణ నుంచి మీ కంపెనీ, మీ మోడల్, మీ మెమరీ తయారీదారు మూడూ సరిపోయే బయోస్ తెచ్చి ఎక్కించాలి. ఆ మూడింటిలో ఒక్కటి తప్పినా కార్డు డిస్‌ప్లే ఇవ్వకుండా పోయే ప్రమాదం ఉంది, కనుక ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటర్ మీద, కరెంటు పోదన్న నమ్మకం ఉన్నప్పుడే ఆ పని పెట్టుకోండి.

బయోస్ అసలుదే అని తేలాక కూడా గళ్లు వస్తుంటే మెమరీని నేరుగా పరీక్షించాలి. మెమ్‌టెస్ట్ వల్కన్ అనేది దీనికోసమే ఉన్న ఉచిత సాధనం; ఓసీసీటీ అనే సాధనంలో కూడా వీర్యామ్ (కార్డు మెమరీ) పరీక్ష ఉంది. కార్డు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కార్డు మీద పూర్తి బరువు వేసే ఫర్‌మార్క్ సాఫ్ట్‌వేర్‌తో పది, పదిహేను నిమిషాలు వేడెక్కించిన వెంటనే మరోసారి నడపండి. ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటితే అక్కడే ఆపేయండి. ఈ పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా తప్పే, దాన్ని చూసీచూడనట్టు వదలడానికి లేదు. చల్లగా ఉన్నప్పుడు తప్పులు లేకుండా, వేడెక్కాకే వస్తుంటే కూలింగ్ వైపు చూడండి: ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయా, రెక్కల మధ్య దుమ్ము పేరుకుందా, పేస్ట్ ఎండిపోయిందా, మెమరీ చిప్పుల మీది థర్మల్ ప్యాడ్లు (వేడిని దాటించే మెత్తని ముక్కలు) హీట్‌సింక్‌కు, అంటే వేడిని లాగే లోహపు దిమ్మెకు, ఆనుతున్నాయా. ఎవరైనా ముందే విప్పి తప్పు మందంలో ప్యాడ్లు వేసి ఉంటే మెమరీకి గాని, చిప్‌కు గాని హీట్‌సింక్ తగలదు. ఖమ్మంలో మే నెలలో గదిలోనే 40 డిగ్రీలకు పైన ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే ఫలితం కఠినంగా వస్తుందనీ గుర్తుంచుకోండి. సాయంత్రం కూడా ఒకసారి చేసి పోల్చడం న్యాయం.

ఇప్పుడు హీట్ గన్. ఈ వైద్యాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను, కారణం చెబుతాను. కార్డు మధ్యలో కనిపించే మెరిసే సిలికాన్ ముక్క కింద కంటికి ఆననంత చిన్న టంకపు బొడిపెలు ఉంటాయి, వాటి కింద ఒక పలుచని పలక, దాని కింద మరికొంచెం పెద్ద టంకపు గుళ్లు ఉండి బోర్డుకు అతుకుతాయి. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారడంతో పగుళ్లు సాధారణంగా ఆ పై బొడిపెల్లో వస్తాయి. ఇప్పటి సీసం లేని టంకం కరగాలంటే 217 డిగ్రీలకు పైన కావాలి. హీట్ గన్‌తో అందాజుగా వేడి చేస్తే అది కరిగి కుదురుకోవడం జరగదు, వ్యాకోచం వల్ల పగిలిన అంచులు ఒకదానికొకటి తాకుతాయి. కొన్ని రోజులో, కొన్ని వారాలో పనిచేసి మళ్లీ మొదటికే వస్తుంది. మెకానిక్ పని బాగుందని మీరు నలుగురికి చెప్పడానికి ఆ వ్యవధి చాలు. ఇది కొత్త సమస్య కాదు. 2008 జూలైలో ఎన్‌విడియా తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల్లో చిప్, ప్యాకేజింగ్ పదార్థాలు బలహీనంగా ఉన్నాయని ఒప్పుకుని, వారంటీ, మరమ్మతుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి ల్యాప్‌టాప్‌ల బోర్డులను ఓవెన్లలో పెట్టి వేడి చేసిన కథలు కూడా వినిపించేవి.

పైగా మీ లక్షణాలు ప్రధాన చిప్ కంటే మెమరీ వైపు చూపుతున్నాయి. ఎనిమిదింటిలో ఏ చిప్ చెడిందో పరీక్షతో గుర్తించి, దాన్ని తీసి అదే రకం చిప్ వేయడం నిజమైన మరమ్మతు; దానికి టంకం కరిగించి చిప్పులు తీసి పెట్టే బీజీఏ యంత్రం, ఆ పని వచ్చిన చేయి కావాలి. మెకానిక్‌ను ఒకే ప్రశ్న అడగండి: ఏ చిప్ పాడైంది, ఏ పరీక్షతో తెలిసింది? సమాధానం ఉంటే కూర్చుని మాట్లాడండి. చూడగానే తెలుస్తుంది అంటే కార్డు వెనక్కి తెచ్చుకోండి. చిప్ మార్చడానికి రెండు, మూడు వేలు అడిగితే, 6,500 పెట్టిన పాత కార్డు మీద ఆ ఖర్చు నాకు సమంజసంగా తోచదు. మెమరీ వేగం 1750 దగ్గర గంటల తరబడి ఏ తప్పూ లేకుండా నడిస్తే, సెకనుకు కొన్ని ఫ్రేములు వదులుకుని అలాగే వాడుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఏ కార్డు ఉన్నా మార్చవలసిందే. కాబట్టి మొదటి డబ్బు దాని మీద పెట్టండి. రేపు ఈ కార్డు పోయినా అది మిగులుతుంది.

ప్రశ్న: మైనింగ్‌లో వాడిన కార్డు కొనవద్దని అందరూ చెబుతున్నారు. నాకు ఒక ఆర్‌టీఎక్స్ 3080 తక్కువ ధరకు వస్తోంది. మైనింగ్‌లో వాడామని అమ్మేవారే ఒప్పుకుంటున్నారు. తీసుకోవచ్చా?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఒప్పుకున్న అమ్మకందారు దొరకడమే ఒక మంచి శకునం. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకుని గ్రాఫిక్స్ కార్డుల అవసరం లేకుండా చేసుకున్న తరువాత, గదుల నిండా ఉన్న కార్డులు ప్రపంచమంతటా పాత మార్కెట్‌లోకి వచ్చాయి; వాటిలో చాలావాటిని ఇంట్లో గేమ్‌లకు మాత్రమే వాడినవని చెప్పి అమ్మారు.

మైనింగ్ కార్డంటే చచ్చిన కార్డని అర్థం కాదు. రోజంతా ఒకే ఉష్ణోగ్రతలో నడిచిన చిప్, రోజుకు నాలుగుసార్లు వేడెక్కి చల్లారిన చిప్ కంటే తక్కువ ఒత్తిడికి లోనై ఉండవచ్చు. అరిగిపోయేవి ఫ్యాన్లు, ప్యాడ్లు, మెమరీ. మీరు చెప్పిన 3080లో అసలు అనుమానించవలసింది మెమరీనే. అందులోని జీడీడీఆర్6ఎక్స్ రకం చాలా వేడెక్కుతుంది, మైనింగ్‌లో కొన్ని మోడళ్లలో అది 110 డిగ్రీలకు చేరి వేగం తగ్గించుకునేది. అందువల్ల చిప్ ఉష్ణోగ్రత 65 ఉందని చూపిస్తే తృప్తి పడకండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, మెమరీ జంక్షన్ ఉష్ణోగ్రత అన్న వరుస చూడండి. గేమ్ నడుస్తుండగా అది వంద దాటితే ప్యాడ్లు మార్పించుకునే ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. ప్యాడ్లు ఇప్పటికే మార్చామని చెబితే ఏ మందానివి వేశారో అడగండి. కార్డు వెనుక నూనె జిడ్డు కనిపిస్తే భయపడనక్కరలేదు, అది ప్యాడ్ల నుంచి కారే సిలికాన్ నూనె.

ప్రశ్న: మా అన్నయ్య వాడిన జీటీఎక్స్ 660 కార్డును నా కొత్త కంప్యూటర్‌లో పెట్టాను. ఫ్యాన్ తిరుగుతోంది కానీ డిస్‌ప్లే రావడం లేదు. మదర్‌బోర్డు మీద వీజీఏ అన్న చిన్న లైటు వెలుగుతూనే ఉంది. అన్నయ్య పాత కంప్యూటర్‌లో పెడితే చక్కగా పనిచేస్తోంది. కార్డు పోయినట్టా?

— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: పోలేదు. పాత కంప్యూటర్‌లో పనిచేస్తోందని మీరే రాశారు. ఇప్పటి మదర్‌బోర్డులు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో మొదలవుతాయి, ఆ పద్ధతిలో తెర వెలగాలంటే కార్డు బయోస్‌లో జీఓపీ అనే భాగం ఉండాలి. 2012లో వచ్చిన 660 తరం కార్డుల్లో చాలావాటికి అది లేదు. మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసి, మానిటర్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి, మదర్‌బోర్డు బయోస్‌లోకి వెళ్లి సీఎస్ఎం (పాత పద్ధతిలో మొదలు కానిచ్చే ఏర్పాటు) అన్న ఎంపిక ఉందేమో చూడండి. ఉంటే సెక్యూర్ బూట్ ఆపి, దాన్ని ఆన్ చేసి, కార్డు మళ్లీ పెట్టండి. కొన్ని కొత్త బోర్డుల్లో ఆ ఎంపికే ఉండదు, అక్కడితో ఆ దారి మూసుకుపోయినట్టు. సీఎస్ఎం ఆన్ చేస్తే ఇప్పుడున్న విండోస్ మొదలు కావడంలో చిక్కు రావచ్చు, కనుక ముఖ్యమైన ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోండి.

ఆ పనికి ముందు స్లాట్‌లో కార్డు పూర్తిగా కూర్చుందో లేదో, ఆరు పిన్నుల పవర్ వైరు పెట్టారో లేదో ఒకసారి చూడండి. మీది సముద్రపు గాలి ఊరు కాబట్టి, బంగారు రంగు పళ్ల మీద మచ్చలుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. రబ్బరుతో రుద్దే అలవాటు మన దగ్గర ఉంది గానీ, పై పూత చాలా పలుచనిది, గట్టిగా రుద్దితే పోతుంది. ఇన్ని తిప్పలు పడి దాన్ని నడిపించినా, ఈ తరం కార్డులకు ఎన్‌విడియా కొత్త గేమ్‌ల డ్రైవర్లు 2021లోనే ఆపివేసింది; భద్రతా సవరణలు కూడా 2024తో ముగిశాయి. సినిమాలకైతే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చాలు.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లి పాత జీటీఎక్స్ 1060 కొనాలనుకుంటున్నాను. దుకాణంలో అరగంట కంటే ఎక్కువ నిలబడనివ్వరు. ఆ అరగంటలో ఏం చూడాలి?

— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: కార్డు అప్పటికే నడుస్తూ ఉంటే ఆపించి, కాసేపు చల్లారనిచ్చి, మీ ఎదుట మళ్లీ ఆన్ చేయించండి. కొన్ని కార్డులు వేడిగా ఉన్నప్పుడు బాగా నడిచి, చల్లగా ఉన్నప్పుడు డిస్‌ప్లే ఇవ్వవు. దుకాణంలో ముందే వేడెక్కించి ఉంచితే ఆ లోపం బయటపడదు. చల్లారేలోగా కార్డును చేతిలోకి తీసుకుని చూడండి. స్క్రూల తలలు చెదిరి ఉంటే ఎవరో విప్పారని అర్థం. విప్పడం నేరం కాదు, ఎందుకు విప్పారో చెప్పగలగాలి. బోర్డు ఎక్కడైనా గోధుమ రంగుకు మారిందా, చిప్ చుట్టూ జిగట మరక ఉందా చూడండి. చిప్ చుట్టూ ఆరిన ఫ్లక్స్ (టంకం పనిలో పూసే జిగట పదార్థం) కనిపిస్తే అది వేడి చేయించుకున్న కార్డు, వదిలేయండి. వెనుక వీజీఏ పోర్టు ఉన్నా వదిలేయవచ్చు, ఎందుకంటే 1060 తరం చిప్పులకు ఆ పాత రకం సిగ్నల్ ఇచ్చే ఏర్పాటే లేదు. పాత చిప్‌కు 1050 టీఐ, 1060 అని పేరు మార్చిన బయోస్ ఎక్కించిన నకిలీలు ఒకప్పుడు బాగా తిరిగాయి. జీపీయూ-జెడ్ వాటిని పట్టుకుని పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది కాబట్టి, ఆ సాఫ్ట్‌వేర్‌ను మీ పెన్‌డ్రైవ్‌లోనే తీసుకువెళ్లండి, దుకాణం కంప్యూటర్‌లో ఉన్నదాన్ని నమ్మనక్కరలేదు. 1060లో ప్రధానంగా మూడు జీబీ, ఆరు జీబీ అని రెండు రకాలున్నాయి. తేడా మెమరీలో మాత్రమే కాదు, మూడు జీబీ దానిలో కోర్లు కూడా 1280కి బదులు 1152 ఉంటాయి. ధర మాట్లాడేముందు అది చూసుకోండి.

ఆన్ అయ్యాక లోగో తెరను దగ్గరగా చూడండి. మెమరీ పరీక్ష ఐదు నిమిషాలు, ఫర్‌మార్క్ పది నిమిషాలు, వెంటనే మెమరీ పరీక్ష మళ్లీ ఐదు నిమిషాలు, ఈ వరుసలో నడపండి. ఫర్‌మార్క్ నడుస్తుండగా ఫ్యాన్ దగ్గర చెవి పెట్టి గరగర శబ్దం ఉందేమో వినండి. మిగిలిన సమయంలో పోర్టులన్నింటికీ ఒక్కొక్కటిగా కేబుల్ మార్చి చూడండి, దాన్ని చాలామంది మరచిపోతారు. దుకాణదారుడు ఫర్‌మార్క్ వద్దు, కార్డు కాలిపోతుంది అంటే, పది నిమిషాల బరువుకు కాలిపోయే కార్డు మీకూ అక్కరలేదు. కొనేటట్లయితే బిల్లు మీద మోడల్‌తో పాటు సీరియల్ నంబరు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వవచ్చో రాయించుకుని, ఆ గడువులో ఇంట్లో మీ ఎస్‌ఎంపీఎస్ మీద ఇవే పరీక్షలు మరోసారి, ఈసారి గంటల తరబడి చేయండి.